హెల్మెట్ తీసిన తర్వాత: రేపటి కథల్లో చోటు ఎవరిది?

సైన్స్ ఫిక్షన్ గురించి దళిత పత్రికలో రాయడమేమిటని అడిగే మిత్రులుంటారు. కారంచేడు 1985లో జరిగింది, చుండూరు 1991లో. ఆ రెండు ఊళ్ళ నుంచి పుట్టిన ఆలోచనలే మనలో చాలామందికి అక్షరాభ్యాసం. భూమి, కూలి, హాస్టల్ మెస్సు, స్కాలర్‌షిప్పు, ఉద్యోగం... ఇన్ని సమస్యలు ముందు పెట్టుకుని అంతరిక్ష ఓడల సీరియళ్ళు, బొమ్మల కథలు మాట్లాడుకోవడం తీరికున్నోళ్ళ వ్యవహారం కాదా అన్నది వాళ్ళ ప్రశ్న. ప్రశ్న న్యాయమైందే. దాటవేయకుండా జవాబు చెప్పుకోవాలి.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. కార్ల్ సాగన్ లాంటి సైన్స్ రచయిత కావాలని ఎప్పుడూ కోరుకున్నానని ఆయన చివరి ఉత్తరంలో రాసుకున్నాడు. నక్షత్రాల ప్రస్తావన కూడా అందులో వుంది. ఆ ఉత్తరం మీద కుల వివక్ష కోణం నుంచి ఎంతో చర్చ జరిగింది, జరగాల్సిందే. నక్షత్రాల సంగతి మీద మాత్రం చర్చ తక్కువ. దళిత విద్యార్థి ఆకాశం గురించి కలగనడం ఉద్యమానికి బయటి విషయమా? కాదని మేం అనుకుంటున్నాం.

గతాన్ని మన దగ్గర్నుంచి గుంజుకున్నారన్న మాట మనకు కొత్త కాదు. దశావతారాల కథల వెనక ఓడిపోయిన మూలవాసుల చరిత్ర దాగుందని జోతీరావు ఫూలే 1873లో 'గులాంగిరీ'లో వాదించాడు. మా వాదన దానికి కొనసాగింపు. గతాన్ని రాసుకున్నట్టే భవిష్యత్తును కూడా కొందరు ముందే రాసుకుంటున్నారు. మూడొందల ఏళ్ళ తర్వాత ఓడ ఎవరు నడుపుతారు, ఎవరు ఊడుస్తారు, అసలు ఎవరు మిగలరు అన్నవి కథల్లోనే తేలిపోతున్నాయి. ఇంకా పుట్టని భూమికి ముందే పట్టాలు రాసుకోవడం లాంటిదిది.

మేం ఈ కథలకు అభిమానులం. అభిమానులం కాబట్టే ఈ పట్టాల తగాదా గురించి మాట్లాడుతున్నాం. అమెరికాలో నల్లవాళ్ళు ఈ తగాదాను డెబ్బయ్యేళ్ళకు పైగా నడుపుతున్నారు. వాళ్ళతో మనకున్నది అరువు తెచ్చుకున్న చుట్టరికం కాదు. ఫూలే తన పుస్తకాన్ని బానిసత్వ నిర్మూలనకు పాటుపడిన అమెరికన్లకే అంకితమిచ్చాడు. 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లవాళ్ళు పెట్టుకున్న విజ్ఞాపన ప్రతి కావాలని అడిగాడు. ఆ దారినే ఇప్పుడు మరో విజ్ఞాపనను చూద్దాం. ఇది బొమ్మల్లో, తెర మీద పెట్టుకున్నది.

నీలం మరమనుషులు, కాషాయం మరమనుషులు

1953లో ఇ.సి. కామిక్స్ అనే అమెరికన్ సంస్థ 'వియర్డ్ ఫాంటసీ' 18వ సంచికలో 'జడ్జ్‌మెంట్ డే' అనే చిన్న కథ వేసింది. రాసింది ఆల్ ఫెల్డ్‌స్టీన్, బొమ్మలు జో ఓర్లాండో. మరమనుషులు మాత్రమే వుండే ఒక గ్రహానికి భూమి నుంచి టార్ల్‌టన్ అనే వ్యోమగామి తనిఖీకి వెళతాడు. ఆ గ్రహాన్ని నక్షత్రాల గణతంత్రంలో చేర్చుకోవచ్చా లేదా తేల్చడం ఆయన పని. అక్కడ కాషాయం రంగు మరమనుషులు పెత్తనం చేస్తుంటారు. నీలం రంగు వాళ్ళకు వేరే వాడ, వేరే పని, బస్సులో వెనక సీటు. ఫ్యాక్టరీలో చూస్తే లోపలి యంత్రమంతా ఒక్కటే. తేడా పైరేకుది మాత్రమే. మీరింకా అర్హులు కారని చెప్పి టార్ల్‌టన్ వెనక్కి బయల్దేరతాడు. కథంతా ఆయన మొహం హెల్మెట్ వెనకే వుంటుంది. చివరి బొమ్మలో హెల్మెట్ తీస్తాడు. నల్లమనిషి.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. పిల్లల్ని కామిక్స్ చెడగొడుతున్నాయన్న గోలతో 1954లో ప్రచురణకర్తలే కలిసి 'కామిక్స్ కోడ్' అనే సెన్సారు పెట్టుకున్నారు. 1956లో ఇ.సి. ఈ కథను తిరిగి వేయబోతే కోడ్ అధికారి చార్లెస్ మర్ఫీ అడ్డం కొట్టాడు. ఆయన అభ్యంతరం కథ మీద కాదు, నీతి మీదా కాదు. ఆ చివరి మనిషి నల్లవాడు కాకూడదన్నాడు! నల్లవాడు కాకపోతే ఆ కథకు అర్థమే లేదు. యజమాని విలియం గెయిన్స్ గొడవకు దిగాడు. పోనీ మొహం మీది చెమట చుక్కలన్నా తీసేయమన్నారు. ఆయన ఏదీ తీయకుండా అచ్చేశాడు. ఇ.సి. వేసిన చివరి కామిక్ సంచిక అదే. ఆ తర్వాత ఆ సంస్థ 'మ్యాడ్' హాస్య పత్రికకే పరిమితమైంది.

మరమనుషుల మీద వివక్ష తప్పని చెప్పొచ్చు, అది ఎవర్నీ నొప్పించదు. తీర్పు చెప్పే కుర్చీలో నల్లమనిషి కూర్చోవడం దగ్గరే వచ్చింది ఇబ్బంది. అంటరానితనం తప్పని సభలో ఒప్పుకుని, దళిత అధికారి తనిఖీకి వస్తే మొహం మాడ్చుకునే పెద్దమనుషులు మనకు తెలుసు.

ఓడలో చోటు

1966 సెప్టెంబర్‌లో అమెరికా టీవీలో 'స్టార్ ట్రెక్' మొదలైంది. 23వ శతాబ్దంలో నక్షత్రాల మధ్య తిరిగే ఓడ, అందులో పలు జాతుల మనుషులు. సమాచార విభాగం చూసే లెఫ్టినెంట్ ఉహురాగా నిచెల్ నికోల్స్ అనే నల్లజాతి నటి వేసింది. 'ఉహురు' అంటే స్వాహిలీ భాషలో స్వేచ్ఛ. అప్పటికి నల్ల ఆడవాళ్ళకు తెర మీద దొరికేవి ఎక్కువగా పనిమనిషి వేషాలే.

మొదటి సంవత్సరం కాగానే ఆమె మానేద్దామనుకుంది. వున్న కాసిని మాటలూ కత్తిరిస్తున్నారు. అదే రోజుల్లో ఒక సభలో మార్టిన్ లూథర్ కింగ్ ఆమెను కలిసి వెళ్ళొద్దన్నాడని, తన పిల్లల్ని రాత్రి మేలుకుని చూడనిచ్చే సీరియల్ ఇదొక్కటేనని చెప్పాడని నికోల్స్ చాలాసార్లు చెప్పింది. ఆమె వుండిపోయింది. 1977 నుంచి నాసా కోసం తిరిగి, ఆడవాళ్ళనూ నల్లవాళ్ళనూ వ్యోమగాములుగా దరఖాస్తు చేయమని పిలిచింది. 1992లో అంతరిక్షానికి వెళ్ళిన మొదటి నల్లజాతి మహిళ మే జెమిసన్, చిన్నప్పుడు ఉహురాను చూసే తనకు ధైర్యం వచ్చిందని చెప్పుకుంది. తెర మీద చోటు ఉత్త బొమ్మ కాదనడానికి ఇది చాలు.

కానీ ఆ చోటు ఎలాంటిదో కూడా చూడాలి. ఉహురాకు ఇంటిపేరే వుంది. సొంతపేరు తెర మీద వినబడింది 2009 సినిమాలో, అంటే 43 ఏళ్ళ తర్వాత! అభిమానులు, నవలలు రాసినవాళ్ళు అంతకుముందే ఆమెకు 'న్యోటా' అని పేరు పెట్టుకున్నారు. మన తాత ముత్తాతల పేర్లను ఊళ్ళో ఎట్లా కురచచేసి పిలిచారో, రికార్డుల్లో ఎట్లా రాశారో గుర్తున్నవాళ్ళకు ఇది చిన్న విషయం అనిపించదు.

పగటికలగా రాస్తే వేసుకుంటాం

ఓడలో చోటు ఒక మెట్టు. ఆ ఓడ కథను రాసే కలం ఇంకో మెట్టు. శామ్యూల్ డిలేనీ నల్లజాతి రచయిత. ఆయన 'నోవా' నవలను సీరియల్‌గా వేయడానికి 'ఎనలాగ్' సంపాదకుడు జాన్ కాంప్‌బెల్ ఒప్పుకోలేదు. నల్లవాడు నాయకుడైతే పాఠకులు కలవలేరన్నది ఆయన చెప్పిన కారణం. నవల 1968లో పుస్తకంగా వచ్చింది. డిలేనీ 1998లో రాసిన వ్యాసంలో ఇంకో సంగతి కూడా చెప్పాడు. నెబ్యులా అవార్డు అందుకున్న రాత్రి ఐజాక్ అసిమోవ్ ఆయన చెవిలో, నువ్వు నల్లవాడివనే మేం ఓటేశాం అన్నాడట. అది హాస్యానికన్న మాటేనని డిలేనీకి తెలుసు. అయినా గెలిచిన రాత్రి కూడా తన రంగును ఎవరూ మరిచిపోరని ఆయనకు అర్థమైంది. కోటాలో వచ్చావన్న మాట నవ్వుతూ అన్నా నొప్పేనని విశ్వవిద్యాలయాల్లో మనవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఈ చరిత్రనంతా ఒక్క గంటలో చూపించిన భాగం 'స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్'లో వుంది. మా అభిప్రాయంలో ఈ పరంపరలో వచ్చిన వాటన్నిటిలో ఇదే మేలైన సీరియల్. 1993 నుంచి 1999 దాకా నడిచింది. నాయకుడు బెంజమిన్ సిస్కో నల్లవాడు, నటుడు ఎవరీ బ్రూక్స్. అంతకుముందు సీరియళ్ళ నాయకులు కిర్క్, పికార్డ్ మొదటి రోజు నుంచే కెప్టెన్లు. 1995లో వచ్చిన జేన్‌వే కూడా అంతే. సిస్కో మాత్రం కమాండర్ హోదాతో మొదలై, మూడు సీజన్లు పనిచేశాక 1995లో కెప్టెన్ అయ్యాడు. ప్రమోషన్ ఆలస్యం ఇరవై నాలుగో శతాబ్దంలో కూడా తప్పలేదన్నమాట!

1998 ఫిబ్రవరిలో వచ్చిన 'ఫార్ బియాండ్ ది స్టార్స్' భాగంలో సిస్కో తనను 1953 నాటి న్యూయార్క్‌లో బెన్నీ రసెల్ అనే రచయితగా చూసుకుంటాడు. బెన్నీ ఒక సైన్స్ ఫిక్షన్ పత్రికలో పనిచేస్తుంటాడు. పాఠకుల కోసం రచయితల ఫోటో తీసేరోజు ఆయన్నీ, మగపేరులా వినబడే పొడి అక్షరాలతో రాసే సహ రచయిత్రినీ ఆలస్యంగా రమ్మంటారు. బెన్నీ నల్ల కెప్టెన్ కథ రాస్తాడు. సంపాదకుడు వేయనంటాడు. చివరికి ఒక రాజీ కుదురుతుంది. కథ చివర అదంతా కల అని రాస్తే వేసుకుంటారట, అది కూడా దిక్కులేని ఒక నల్లవాడు కన్న కల అని. బెన్నీ ఒప్పుకుంటాడు. అయినా యజమాని ఆ నెల పత్రిక మొత్తాన్ని నాశనం చేయించి బెన్నీని ఉద్యోగంలోంచి తీసేస్తాడు. తన బుర్రలో పుట్టిన ప్రపంచాన్ని ఎవరూ చెరపలేరని బెన్నీ ఏడుస్తూ కుప్పకూలతాడు.

దీనికి దర్శకుడు బ్రూక్సే. రాసినవాళ్ళు మాత్రం తెల్లవాళ్ళు. వాళ్ళ సానుభూతి నిజమైందే, పని గొప్పదే. అయినా కలం చేతికి రాని నల్లరచయిత కథను 1998లో కూడా వేరేవాళ్ళే రాయాల్సి వచ్చింది. సానుభూతి సాహిత్యానికీ స్వానుభవ సాహిత్యానికీ తేడా ఏమిటని తొంభైల్లో మనం తెలుగులో గట్టిగా వాదించుకున్నాం. ఆ వాదన ఇక్కడా వర్తిస్తుంది.

పేరుకు భయపడ్డ చిరుత

బొమ్మల కథల్లోకి మళ్ళీ వద్దాం. 1966 జూలై తేదీతో వచ్చిన 'ఫంటాస్టిక్ ఫోర్' 52వ సంచికలో స్టాన్ లీ, జాక్ కిర్బీ 'బ్లాక్ పాంథర్' పాత్రను సృష్టించారు. ఎవరికీ వలస కాని, శాస్త్రంలో అందరికంటే ముందున్న వకాండా అనే ఆఫ్రికా దేశానికి రాజు. అదే ఏడాది అక్టోబర్‌లో ఓక్లండ్‌లో హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టారు. పార్టీ గుర్తు కామిక్ నుంచి రాలేదు, అలబామాలో నల్లవాళ్ళు పెట్టుకున్న ఒక రాజకీయ సంస్థ గుర్తు నుంచి వచ్చింది. పేర్లు కలవడం యాదృచ్ఛికం.

పార్టీ పేరు మోగిపోయాక మార్వెల్ సంస్థ జంకింది. 1972లో ఆ రాజు చేత కొన్నాళ్ళు 'బ్లాక్ లెపర్డ్' అని పేరు మార్పించింది. తెలుగులో చెప్పుకుంటే రెండూ చిరుతలే గానీ, ఒక చిరుతకు పోలీసు కేసులున్నాయి, ఇంకో దానికి లేవు! సరిగ్గా అదే 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ఢసాల్, జె.వి. పవార్, రాజా ఢాలే తదితరులు దళిత్ పాంథర్స్ పెట్టారు. కంపెనీ వదిలించుకోబోయిన పేరును మన కుర్రాళ్ళు ధైర్యంగా ఎత్తుకున్నారు. పాత్ర కంపెనీ ఆస్తి, రేపు మార్కెట్ భయపడితే పేరు కూడా మారుతుంది. ఉద్యమం పెట్టుకున్న పేరు అట్లా మారదు.

అచ్చేసే హక్కు

అందుకే మూడో మెట్టు యాజమాన్యం. 1993లో డ్వేన్ మెక్‌డఫీ, డెనిస్ కోవన్, మైకేల్ డేవిస్, డెరెక్ డింగిల్ అనే నలుగురు నల్లవాళ్ళు 'మైల్‌స్టోన్' సంస్థ పేరుతో కామిక్స్ తెచ్చారు. అచ్చు, పంపిణీ పెద్ద సంస్థ డి.సి. కామిక్స్‌ది. పాత్రల మీద హక్కు, కథల మీద నిర్ణయం మైల్‌స్టోన్‌వి. ఈ ఒప్పందం మనం చదవాల్సిన పత్రం అనిపిస్తుంది. బజారు వాళ్ళది కావచ్చు, పొలం మాది అన్నారు.

వాళ్ళ మొదటి పత్రికల్లో ఒకటైన 'హార్డ్‌వేర్'లో నాయకుడు కర్టిస్ మెట్‌కాఫ్ గొప్ప ఇంజనీరు. తన ఆవిష్కరణలతో కంపెనీ కోట్లు సంపాదిస్తుంటే అందులో వాటా అడుగుతాడు. చదివించి పైకి తెచ్చిన యజమాని, నువ్వు నా ఉద్యోగివి, నాకు వారసుడివి కావని అర్థమయ్యేట్టు చెబుతాడు. తిరుగుబాటు అక్కడ మొదలవుతుంది. మన ఊళ్ళలో పాలేరుకు చెప్పే మాటకూ దానికీ తేడా లేదు. ఇంటి మనిషిలాంటోడివి అంటారు, ఇంటి మనిషివి అనరు. మైల్‌స్టోన్ కామిక్స్ 1997లో ఆగిపోయాయి. కానీ వాళ్ళ 'స్టాటిక్' పాత్ర 2000 నుంచి 2004 వరకు టీవీ కార్టూన్‌గా వచ్చి లక్షల ఇళ్ళకు చేరింది.

అభిమానుల ఊళ్ళో వాడలు

ఇంటర్నెట్ వచ్చాక అభిమానులందరూ ఒక్క ఊరివాళ్ళవుతారని చాలామంది ఆశపడ్డారు. ఊరు తయారైంది, దాంతోపాటు వాడలూ తయారయ్యాయి. 2014 చివర కొత్త 'స్టార్ వార్స్' సినిమా ప్రచార చిత్రంలో సైనికుడి కవచంలో నల్లనటుడు జాన్ బోయెగా కనబడగానే వద్దని గోల చేసినవాళ్ళున్నారు. 2022లో 'ఓబీ-వాన్ కెనోబీ' సీరియల్‌లో వేసిన మోసెస్ ఇంగ్రమ్‌కు జాతి తిట్లు వందలకొద్దీ వచ్చాయి. మాట్లాడే మరమనుషుల్ని నమ్ముతారు, కాంతి కత్తుల్ని నమ్ముతారు, నల్లమనిషి మాత్రం నమ్మశక్యంగా లేదట!

సాహిత్యంలోనూ ఇదే. 2015లో 'శాడ్ పప్పీస్' లాంటి బృందాలు హ్యూగో అవార్డుల జాబితాను తమ ఓట్లతో నింపేశాయి. అర్హత వదిలేసి రాజకీయాలు చూసి బహుమతులిస్తున్నారన్నది వాళ్ళ ఫిర్యాదు. ఈ 'మెరిట్' పాట మనకు కంఠస్థం. మిగతా ఓటర్లు ఆ ఏడాది ఐదు విభాగాల్లో ఎవరికీ ఇవ్వొద్దని తీర్పిచ్చారు. తర్వాత 2016, 2017, 2018ల్లో వరసగా మూడుసార్లు ఉత్తమ నవల బహుమతి ఎన్.కె. జెమిసిన్ అనే నల్లజాతి రచయిత్రికి వచ్చింది. 2019లో కొత్త రచయితల బహుమతికున్న కాంప్‌బెల్ పేరు కూడా తీసేశారు. డిలేనీ నవలను తిప్పికొట్టిన సంపాదకుడు ఈయనే.

మన సంగతి

మనకు ఊహాలోకాలు కొత్త కాదు. పన్ను లేని, దుఃఖం లేని బేగంపురా నగరాన్ని సంత్ రవిదాస్ ఎప్పుడో ఊహించాడు. తాను పోలేని చోటికి జాషువా 1941లో గబ్బిలాన్ని పంపాడు. బొమ్మల కథల్లో మనవి తక్కువ. అమర్ చిత్ర కథ 1967లో మొదలైంది, అంబేద్కర్ మీద సంచిక 1979లో వచ్చింది. 2011లో నవయాన వేసిన 'భీమాయన'లో గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అంబేద్కర్ అనుభవాలకు బొమ్మలేశారు. మనుషుల్ని పెట్టెల్లో బంధించం అంటూ చతురస్రపు గడులు మానేశారు. విషపు మాటలకు తేలు కొండి, మెత్తని మాటలకు పక్షి ఆకారం పెట్టారు. చూసి నేర్చుకోవాల్సిన పని. అయితే ఇవన్నీ గతం మీద. భవిష్యత్తు మీద రాస్తున్నవాళ్ళలో దళిత రచయిత్రి మిమి మోండల్ వుంది. నల్లజాతి రచయిత్రి ఆక్టేవియా బట్లర్‌ను ఉద్దేశించి రాసిన ఉత్తరాల సంకలనానికి ఆమె ఒక సంపాదకురాలు. దానికి 2018లో హ్యూగో తుది జాబితాలో చోటు దక్కింది.

ఇక్కడొక చిక్కు వుంది. టార్ల్‌టన్ హెల్మెట్ తీస్తే కథ పూర్తయింది, ఎందుకంటే రంగు కంటికి కనబడుతుంది. మన టార్ల్‌టన్ హెల్మెట్ తీస్తే ఏం కనబడుతుంది? ఒక మనిషి మొహం, అంతే. ఆ మొహం చూసి పక్కవాడు అడుగుతాడు: మీదే ఊరు? ఇంటిపేరేంటి? మీరేమిట్లు? కులం బొమ్మలో లేదు, ఆ ప్రశ్నలో వుంది. కాబట్టి నల్లవాళ్ళ కథల్ని రంగు మార్చి దించుకుంటే మనకు పనికిరావు. ఇరవై మూడో శతాబ్దంలో కులం పోయిందని చెప్పే కథలు కూడా అనుమానించదగ్గవే. అలాంటి కథ కనబడితే ముందు కెప్టెన్ ఇంటిపేరు చూడండి, తర్వాత ఓడలో మరుగుదొడ్డి ఎవరు కడుగుతున్నారో చూడండి. కులం ఎట్లా పోయిందో, ఎవరు పోరాడితే పోయిందో చెప్పని భవిష్యత్తులో కులం పోలేదు, దాన్ని అడగడం మాత్రమే మానేశారు.

ఒక సీరియల్‌నో కామిక్‌నో చర్చకు పెట్టినప్పుడు మూడు ప్రశ్నలు అడిగితే బాగుంటుందని మా సూచన. లోపల ఎవరికి చోటుంది, సొంతపేరుతో వుందా? రాసింది ఎవరు? హక్కులు ఎవరివి? మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతే ఉహురాతో తృప్తిపడతాం. మూడో దాకా పోతే మైల్‌స్టోన్ దాకా వస్తాం.

ఉపాధ్యాయ మిత్రులు హాస్టల్ పిల్లలకు ఒక పని ఇచ్చి చూడొచ్చు. 2075లో మీ ఊరు బొమ్మ గీయమనండి. నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, చెరువు కింద పొలం ఎవరి పేరు మీద వుంది, శ్మశానం ఒకటా రెండా, సర్పంచ్‌ను కుర్చీలో కూర్చోనిస్తున్నారా అన్నవి అందులో వుండాలని చెప్పండి. ఎగిరే కార్లు వాళ్ళంతట వాళ్ళే గీస్తారు. ఆ బొమ్మల్ని అచ్చేసే ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది మాత్రం పెద్దవాళ్ళం మనం కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.